దస్తగిరి పిడికెడు

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగే కాలంలో, ఏటి పక్కన సంతపేట అని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో దస్తగిరి అని దూదేకుల మనిషి ఉండేవాడు. వెనకా ముందూ ఎవరూ లేనివాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని వీధివీధీ తిరిగేవాడు. గడ్డకట్టిన పాత దిండ్లు విప్పి, దూది ఏకి, మెత్తగా కుట్టి ఇచ్చేవాడు.

ఒకనాడు గాజుల వీధిలో రంగనాయకులు పిలిచాడు. ఆయన భార్య పోయి నెల తిరగలేదు.

"ఇది ఆవిడ దిండు. ఏట్లో పారేసి, పిల్లకి కొత్తది కుట్టు."

ఆయన కూతురు వరాలు ఆ దిండుని వాటేసుకుంది. "ఇయ్యను. అమ్మ వాసనొస్తోంది" అని ఏడ్చింది.

"పోయిన మనిషిది ఇంట్లో ఉంటే కీడంటారు. నన్నేం చెయ్యమంటావు దస్తగిరీ?"

"అంతా వద్దయ్యా. పిడికెడు చాలు. పిడికెడు దూదితో ఏం కీడొస్తుంది?"

రంగనాయకులు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కాదనలేదు. దస్తగిరి ఆ దూది పిడికెడు తీసి కొత్త దిండు నడిమధ్యన పెట్టి కుట్టాడు. అన్నాళ్లకి వరాలు కంటినిండా నిద్రపోయింది.

ఇంకోనాడు కుమ్మరి వీధిలో అంకమ్మ కూతుర్ని ఏరు దాటించి కాపురానికి పంపుతోంది.

"దాని దిండులో మా ఇంటి దూది వెయ్యనా దస్తగిరీ?"

"వెయ్యమ్మా. పిడికెడు చాలు."

మరోనాడు సాలె వీధిలో అన్నదమ్ములిద్దరు వేరుపడుతూ, పోయిన తండ్రి పరుపు కోసం కొట్టుకుంటున్నారు.

"పరుపు మీ అమ్మకి వదిలెయ్యండి నాయనా. మీకు చెరో పిడికెడు చాలు."

ఏళ్లు గడిచాయి. వరాలు పిల్లల తల్లయింది. ఒక వానాకాలం వీధుల్లో విల్లు మోత వినపడలేదు. వరాలు దస్తగిరి గుడిసెకి వెళ్లింది. చెయ్యి తలకింద పెట్టుకుని, జ్వరంతో మూలుగుతున్నాడు.

"నీకు దిండేదీ మామా?"

"కుట్టుకోవాలనే అనుకుంటానమ్మా. కుదర్లేదు."

వరాలు మూడు వీధులూ తిరిగింది. ఎవరి దిండు వాళ్లు విప్పారు. ఇంటికో పిడికెడు తెచ్చారు. ఏకడం ఎవరికీ రాదు. గడ్డలుగడ్డలుగానే కూరి, వరాలు కుట్టి, ఆయన తలకింద పెట్టింది.

"గుచ్చుకుంటోందా మామా?"

"గుచ్చుకుంటోంది. తియ్యొద్దమ్మా."

ఆ దిండు మీదే కన్నుమూశాడు.

ఇప్పుడు సంతపేటలో దూదేకేవాళ్లు లేరు. దిండ్లు కొట్లో కొంటారు. అయినా ఆడపిల్ల కాపురానికి బయల్దేరితే, కొత్త దిండు మూల విప్పి, పుట్టింటి దూది కాస్త కూరి కుడతారు. దాన్ని దస్తగిరి పిడికెడు అంటారు. దాన్ని ఏకరు. గడ్డగానే ఉంచుతారు. కొత్త ఊళ్లో నిద్రపట్టక అటూ ఇటూ దొర్లే పిల్ల చెంపకి అది తగులుతుంది.