మూడు లక్షల గీత

రాజ్యాలు పోయి డెబ్బై ఏళ్ళు దాటినా చిలుకదిన్నె రాజావారి దర్బారు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయనకు ఏడాదికొక పిచ్చి. ఈ ఏడు పాత జర్మనీ యుద్ధ పతకాల పిచ్చి. చిలుకదిన్నె వాళ్ళు పక్క ఊరితో కూడా యుద్ధం చేసిన పాపాన పోలేదు, అయినా తెల్లారి లేస్తే ఫోనులో పతకాల బేరాలే.

ఏది అసలుదో, ఏది ఎంత చేస్తుందో తేల్చడానికి త్రివిక్రమరావు ఉండేవాడు. ఫోను తెర మీద భూతద్దం పెట్టి చూసి "అసలు" అంటే రాజావారు కొనేవారు, "నకిలీ" అంటే మానేసేవారు. చిత్రమేమిటంటే, అసలువన్నీ ఒక్క దుకాణంలోనే దొరికేవి. అది రావుగారి బావమరిదిది.

కోటలో ఇత్తడి, వెండి సామాను తోమేది పైడయ్య. ముప్పై ఏళ్ళ నుంచి అదే పని. ఒక శుక్రవారం, మూడు లక్షలు పోసి కొన్న ఇనుప శిలువ పతకాన్ని కూడా అలవాటు చొప్పున చింతపండు పెట్టి తోమేశాడు. నల్లటి పతకం పచ్చగా తళతళలాడుతూ బయటికొచ్చింది.

త్రివిక్రమరావు గుండెలు బాదుకున్నాడు.

"వందేళ్ళ నలుపు ప్రభూ! ఆ నలుపుకే మూడు లక్షలు. ఈ అంట్లు తోమేవాడు కడిగి కాలవలో పోశాడు."

రాజావారు మండిపడ్డారు. "సోమవారానికి దాని ఖరీదు కట్టు పైడయ్యా. లేదా కోట గుమ్మం దిగు."

పైడయ్య తల వంచుకుని ఇంటిదారి పట్టాడు. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? ఇంటికెళ్ళి కూర్చున్నాక బుర్ర పనిచేయడం మొదలైంది. ఇనుమును చింతపండుతో తోమితే నల్లబడాలి గాని, పచ్చబడడమేమిటి? ఇది ఇత్తడి. కానీ భూతద్దం ముందు చింతపండు మాట ఎవరు వింటారు? ఆ మాట రావుగారి నోటితోనే రావాలి.

పతకం కొన్న రోజున రాజావారు దాని ఫోటోను కోటలో అందరి ఫోన్లకూ పంపారు. కోటలోని పాత గంగాళాలు ఫోనులో అమ్మిపెట్టేది పైడయ్యే కనుక ఆ విద్య అతనికి కొత్త కాదు. "నూకరాజు పాత సామాన్లు" అని ఫోనులో ఒక ఉత్తుత్తి దుకాణం తెరిచి, అదే ఫోటోను తొంభై వేలకు బేరం పెట్టాడు.

సోమవారం దర్బారులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారూ, అలాటిదే ఇంకోటి దొరికింది. తొంబై యేలే అంటన్నాడు. అసలుదైతే ఇల్లమ్మయినా కొనిస్తాను. రావుగారు ఓపాలి సూడాలి."

రావుగారు పైడయ్య ఫోను అందుకుని ముందు దుకాణం పేరు చూశాడు, తరువాత పెదవి విరిచాడు. పతకం ఆఖరున చూశాడు.

"శుద్ధ నకిలీ ప్రభూ. ఇత్తడికి నల్లరంగు. ఎడమ రెక్క మీద ఈ గీత చూడండి, ఆకురాయి జారిన గీత."

"ఎంత సేస్తాదండీ?"

"తూకానికి వేస్తే రెండు వందలు. అంతకు పైసా ఎక్కువిచ్చినవాడు వెర్రివాడు."

"కాయితం మీద రాసిస్తారా?"

అడగడమే ఆలస్యం, రావుగారు పూర్తి బిరుదులతో సంతకం చేసిచ్చాడు.

పైడయ్య ఆ కాగితాన్ని రాజావారి ముందు పెట్టాడు. పక్కనే మూడు లక్షల పతకం పెట్టాడు. దాంతోపాటు వచ్చిన రావుగారి పాత యోగ్యతాపత్రం కూడా పెట్టాడు. రాజావారు పైకి చదివారు.

"ఎడమ రెక్క మీది గీత, శత్రువు తుపాకి గుండు రాసుకుపోయిన గుర్తు. మూడు లక్షలకు కారుచౌక."

ఆయన ఫోటో చూశారు, పతకం చూశారు. అదే రెక్క, అదే గీత. పైడయ్య మొలలోంచి రెండు వంద నోట్లు తీసి పతకం పక్కన పెట్టాడు.

"నాను పాడుసేసిన సరుకు ఖరీదు బాబుగారూ. రావుగారు కట్టిన ధరే."

"వెర్రివాడు" ఎవరో అందరికీ తెలిసిపోయింది. నవ్వితే తల ఎగురుతుందేమోనని సభ బిగబట్టుకుంది. రాజావారి మొహం ఎర్రబడింది, మీసం అదిరింది, చివరికి ఆయనే ముందు పకపకా నవ్వేశారు. ఇక దర్బారంతా ఘొల్లుమంది.

బావమరిది దగ్గర్నుంచి మూడు లక్షలూ వెనక్కి తెచ్చేదాకా ఆ పతకం రావుగారి రొమ్ము మీదే ఉండాలని హుకుం అయింది. భూతద్దం లాక్కుని రాజావారు పైడయ్య చేతిలో పెట్టారు.

"ఇకనుంచి అసలూ నకిలీ నువ్వే తేల్చాలి. జీతం రెట్టింపు."

పైడయ్య భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పైపంచెతో తుడిచి, భద్రంగా వెనక్కిచ్చేశాడు.

"సిత్తం బాబుగారూ. నాకిదెందుకు? సింతపండు ఇప్పించండి సాలు."