కెజియా మూడో ఇంటర్వ్యూ

నర్సింగ్‌లో కెజియా కాలేజీ ఫస్టు. ఏం లాభం, రెండు ఆసుపత్రుల వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచి రెండుచోట్లా వద్దన్నారు. మూడో చోటికి సోమవారం రమ్మన్నారు. అదీ పోతే మేనమామ చూసిపెట్టిన చీరల కొట్లో సేల్స్‌గర్ల్‌గా చేరాల్సిందేనని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. ఇంత చదివి చీరలు మడతపెట్టుకుంటూ బతకాలా అని ఆ పిల్లకి తిండి సహించడం లేదు.

ఆదివారం కాన్వెంటుకి వెళ్ళింది. తనకి చదువు చెప్పిన ఫిలోమినా సిస్టర్ అక్కడే ఉంటోంది. ముసలావిడ, మాట తక్కువ. ఆవిడ తిడితే పిల్లలు భయపడేవాళ్ళు కాదు, తిట్టకుండా ఊరుకుంటే భయపడేవాళ్ళు.

"సిస్టర్, వాళ్ళు అడిగినవాటిలో నాకు రాని ప్రశ్న ఒక్కటీ లేదు. బాగా చెప్పావనే అన్నారు. మరి నన్నెందుకు తీసుకోలేదు?" అంది కెజియా.

"ప్రశ్నలేనా, పని కూడా చేయించారా?"

"వార్డుకి తీసుకెళ్ళి ఒక పేషెంటుకి బీపీ చూడమన్నారు. రెండుచోట్లా అదే. ఏదీ తప్పలేదు సిస్టర్."

"ఏదీ, చేసి చూపించు."

సిస్టర్ వెళ్ళి మంచం మీద పడుకుంది. అక్కడే గోరుచిక్కుళ్ళు తుంచుతున్న లూర్దు సిస్టర్‌ని పిలిచి ఎదురుగా కుర్చీలో కూర్చోమంది. లూర్దు సిస్టర్ వయసులో చిన్నది, నవ్వు ఆపుకోలేని మనిషి.

"ఇంటర్వ్యూ చేసేది ఈవిడ. పేషెంటుని నేను. కానియ్."

నర్సింగ్ ప్రాక్టికల్ పరీక్ష చూసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మంచం మీద బొమ్మని పడుకోబెడతారు. చేసే ప్రతి పనీ పైకి చెప్పాలి, లేకపోతే మార్కు పడదు. మార్కు వేసేది బొమ్మ కాదు కదా. అందుకని పిల్లలు బొమ్మకి వీపు పెట్టి, ఎగ్జామినరు మొహంలోకి చూస్తూ అప్పజెప్పేస్తారు. కెజియా కూడా అలవాటు ప్రకారం అలాగే నిలబడి మొదలుపెట్టింది.

"ముందుగా చేతులు కడుక్కుంటాను. పేషెంటుకి నమస్కారం పెట్టి నా పేరు చెప్తాను. చేయబోయే పని పేషెంటుకి అర్థమయ్యేలా వివరిస్తాను..."

"అమ్మాయ్, దాహంగా ఉంది" అంది వెనకనుంచి పేషెంటు.

"...పేషెంటుకి ఇబ్బంది లేకుండా కర్టెన్ వేస్తాను. ఏమైనా భయాలుంటే అడిగి ధైర్యం చెప్తాను..."

"కాసిని మంచినీళ్ళు ఇస్తావా అమ్మా?"

"...పేషెంటు చేతిని గుండె ఎత్తులో ఉంచి..."

లూర్దు సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫిలోమినా సిస్టర్ మంచం దిగింది. నెమ్మదిగా కుండ దగ్గరికి నడిచి నీళ్ళు ముంచుకుంది. తాగుతూ వచ్చి లూర్దు సిస్టర్ పక్కన నిలబడి వినసాగింది.

కెజియా నోట మాట ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే మంచం ఖాళీ.

"ఆగావేం? బాగానే చెప్తున్నావుగా" అంది సిస్టర్.

కెజియాకి తల కొట్టేసినట్టయింది. ఏడుపొచ్చింది కానీ మింగేసింది. సిస్టర్ ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. గోరుచిక్కుళ్ళ కూర అయ్యాక అన్నం పెట్టి పంపించింది.

సోమవారం సాయంత్రం ఇంటర్వ్యూ నుంచి కెజియా నేరుగా కాన్వెంటుకే వచ్చింది. లూర్దు సిస్టర్ వరండాలోకి ఎదురొచ్చింది.

"ఏం చేయించారు?"

"బీపీయే సిస్టర్. ఒక తాతగారు. నేను దగ్గరికెళ్ళగానే ఏదో గొణిగారు. వంగి విన్నాను. పొద్దున మూత్రం గొట్టం తీసేశారట, అప్పట్నుంచీ రావడం లేదట. పొట్ట రాయిలా ఉంది. వార్డులో నర్సులందరూ ఆడపిల్లలే, ఎలా చెప్పను తల్లీ అని ఓర్చుకుంటూ పడుకున్నారు."

"మరి ఇంటర్వ్యూ వాళ్ళు?"

"మా వైపు తిరిగి చెప్పమ్మా అన్నారు. ఒక్క నిమిషం ఉండండి సార్ అని వార్డు సిస్టర్‌ని పిలిచాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని బాత్రూంకి నడిపించాం. నీళ్ళ చప్పుడుకైనా వస్తుందని కుళాయి తిప్పి వదిలేసి తలుపు బయట నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. నేను తిరిగొచ్చేసరికి ఇంకో అమ్మాయిని పిలిచేశారు."

లూర్దు సిస్టర్ ఉసూరుమంది. "అయితే నీ ఉద్యోగం సంగతి?"

"తెలీదు సిస్టర్. ఫోన్ చేస్తామన్నారు. ఇదివరకు కూడా అలాగే అన్నారు."

ఇంటికెళ్ళి నాన్నకేం చెప్పాలో ఆమెకి తెలియడం లేదు.

ఫిలోమినా సిస్టర్ గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది.

"ఆ పెద్దాయనకి వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది సిస్టర్. హమ్మయ్య తల్లీ అన్నారు" అంది కెజియా. అంటూ అంటూ నవ్వేసింది.

"మరింకేం, డ్యూటీలో చేరావుగా" అంది సిస్టర్.