నేరేళ్ళకొండ ఉచిత బండి

నేరేళ్ళకొండ మీద జంతువులకొక విద్యాపీఠం ఉండేది. చుట్టుపక్కల అడవుల నుంచి పిల్లలు రోజూ వచ్చి అక్కడ మూలికలూ, పాటలూ, నీటికాలవల పనీ నేర్చుకునేవాళ్ళు. కొండ కింద వాగు పక్కన పేట. పేటవాళ్ళకి కొండమీద ఏదో ఒక పని ఉంటూనే ఉండేది. మేక వంటశాలకి ఆకుకూరలు మోసేది. అడవిపంది తోటలో పాదులు తవ్వేవాడు. జబ్బుపడ్డవాళ్ళు కొంగ వైద్యుడి కోసం వెళ్ళేవాళ్ళు.

వీళ్ళందరికీ కలిపి ఒకటే బండి. ఎద్దు సోమన్న లాగేవాడు. పొద్దున పైకి, సాయంత్రం కిందికి. ఎక్కినందుకు ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. పీఠంవాళ్ళు సోమన్నకి మేత పెట్టేవాళ్ళు, వానలకి దారి కొట్టుకుపోతే పేటవాళ్ళు పూడ్చేవాళ్ళు. చోటున్నంత వరకూ ఎవరైనా ఎక్కొచ్చు.

తాబేలు నాంచారమ్మకి ఆ బండే ఆధారం. ఆవిడ పెనిమిటి చెంగయ్య మీద బండరాయి దొర్లి వీపు డిప్ప పగిలింది. కొంగ వైద్యుడు పసరు వేసి కట్టుకట్టి, అతుక్కునేదాకా కొండమీద వైద్యశాలలోనే పడుకోమన్నాడు. చెంగయ్యకి అక్కడి తిండి సహించలేదు. నాంచారమ్మ వాగులోంచి తవ్వి తెచ్చే తామరదుంపలే తినేవాడు. అందుకని ఆవిడ రోజూ తెల్లారగానే దుంపల మూట కట్టుకుని బండి దగ్గరికొచ్చి నిలబడేది. తాబేలు నడకన ఆ కొండెక్కాలంటే చేరేసరికే పొద్దుగూకుతుంది, మళ్ళీ దిగేసరికి తెల్లారుతుంది.

బండి ఎక్కడం కూడా ఆవిడకి తేలికేం కాదు. ముందుకాళ్ళు పలక మీద వేసి, గోళ్ళతో పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకునేది. సోమన్న ఓపిగ్గా ఆగేవాడు.

"తొందర లేదత్తా. కాలు జాగ్రత్త" అనేవాడు.

ఇదంతా నక్క గవరయ్యకి కంటగింపుగా ఉండేది. ఈ బండి రాకముందు గవరయ్యకే ఒక బండి ఉండేది. గాడిద నూకాలు లాగేది. ఎక్కినవాళ్ళు తాము మోసుకెళ్ళే దాంట్లో సగం గవరయ్యకి ఇచ్చుకోవాలి. సోమన్న బండి వచ్చాక ఆ బేరం చచ్చిపోయింది. బండి పెరట్లో బోర్లా పడింది. నూకాలికి సరిగా మేతన్నా లేదు.

ఒకరోజు గవరయ్య తనే వచ్చి ఉచిత బండెక్కాడు. విద్యార్థుల సభకి పెద్ద అయిన నెమలి వసంతుడి పక్కన చేరి కూర్చున్నాడు. బండి కిక్కిరిసి ఉంది. వసంతుడి పింఛం చివర అడవిపంది కాలికింద నలుగుతోంది.

"ఎంత అందమైన పింఛం నాయనా, ఇలా అయిపోయిందేం?" అన్నాడు గవరయ్య జాలిగా.

"ఏం చెయ్యను బాబాయ్. రోజూ ఇదే రద్దీ" అన్నాడు వసంతుడు.

"ఇంతకీ బండి ఎవరిది?"

"పీఠానిది."

"పీఠం ఎవరికోసం?"

"మాకోసం."

"మరి మీరే నలగడమేం? నేను పేటవాణ్ణే. మావాళ్ళ గురించి చెడుగా చెప్పుకోకూడదు గానీ, చూడు, ఆ పెద్దావిడ ఎక్కేసరికి మీ మొదటి పాఠం అయిపోతోంది. పాపం, ఆవిణ్ణి అనేదేం లేదు. పద్ధతే సరిగా లేదు."

నాంచారమ్మ అప్పుడే పలకమీద రెండో కాలు వేస్తోంది. ఆ మాట చెవినపడి మొహం డిప్పలోకి లాక్కుంది. దారి పొడుగునా బయటికి తియ్యలేదు. నిజమే కదా, నావల్ల ఎంతమందికి ఆలస్యం అనుకుని కుంచించుకుపోయింది.

ఆ వారంలోనే విద్యార్థుల సభ కూడింది. బండి విద్యార్థులకే అని తీర్మానించింది. విద్యార్థులు మెడలో గురివిందపూసల దండ వేసుకోవాలి, దండ లేనివాళ్ళని సోమన్న ఎక్కించుకోకూడదు. పీఠానికి పెద్ద అయిన ఏనుగు ఆచార్యులు సభలోనే ఉన్నా వద్దనలేదు. సభ మాటకి పీఠం పెద్ద అడ్డుచెప్పడం అక్కడి ఆనవాయితీ కాదు.

మర్నాడు పొద్దున నాంచారమ్మ మూటతో వచ్చింది. సోమన్న తలెత్తి ఆవిడ వంక చూడలేకపోయాడు.

"అత్తా, నా చేతుల్లో లేదు."

"తెలుసు నాయనా, నువ్వు పద. పిల్లలకి ఆలస్యమవుతుంది" అంది నాంచారమ్మ.

బండి మలుపు తిరిగిపోయింది. దారి మీద ఆవిడా, మేకా, అడవిపందీ మిగిలారు. ఆ వెనకే చక్రాల చప్పుడయింది. గవరయ్య బండి. డొక్కలు లోపలికి పోయిన నూకాలు లాగుతోంది.

"రా అక్కా, కూర్చో. కష్టకాలంలో మనకి మనమే కదా" అన్నాడు గవరయ్య.

నాంచారమ్మ ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది. కొండమీద దిగగానే గవరయ్య మూట విప్పి సగం దుంపలు తీసుకున్నాడు. మేక మోపులో సగం తీసుకున్నాడు. అడవిపందికి తోటవాళ్ళు మధ్యాహ్నానికని ఇచ్చే కందగడ్డల్లో సగం తనకేనని ముందే మాట తీసుకున్నాడు.

వైద్యశాలలో చెంగయ్య ముందు నాంచారమ్మ మిగిలిన దుంపలు పెట్టింది. ఆయన అన్నీ తిన్నాడు. ఆకు మీద ఇంకేమైనా ఉందేమోనని ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఏమీ లేదని తెలిశాక, "ఇవాళ దుంపలు భలే తియ్యగా ఉన్నాయే. కడుపు నిండిపోయింది" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్తున్నాడని ఆవిడకి తెలుసు. "రేపు ఇంకొన్ని ఎక్కువ తెస్తాలే" అంది. ఎన్ని తెచ్చినా అందులో సగం పోతుందన్నది మాత్రం చెప్పలేదు.

ఆయన కునుకు తీశాక ఆవిడ మెల్లిగా బయటికొచ్చి మెట్టుమీద కూర్చుంది. గోడకి అవతల మూలికల పాఠం జరుగుతోంది. కొంగ వైద్యుడు నల్లేరు గురించి చెప్తున్నాడు. విరిగినవి అతుక్కోవడానికి దాన్ని ఎలా నూరాలో, ఎలా కట్టాలో. నాంచారమ్మ మెడ బయటికి పెట్టి వింది. ఇన్నాళ్ళూ తన మొగుడి వీపు మీద కడుతున్నది ఏమిటో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. పాఠం అయిపోయేదాకా అక్కణ్ణించి కదలాలనిపించలేదు.

ఏనుగు ఆచార్యులు అటుగా వచ్చి ఆవిణ్ణి చూసి ఆగాడు.

"ఏమ్మా, మీ ఆయనకెలా ఉంది?"

"అతుక్కుంటోందండీ." నాంచారమ్మ ఇంకేదో అడగబోయి మానేసింది. మళ్ళీ ధైర్యం చేసి అడిగింది. "అయ్యా, విద్యార్థి అంటే ఎవరండీ?"

ఆచార్యులు తొండం ఆడించడం ఆపాడు. "నాకు నేర్పమని వచ్చి అడిగినవాళ్ళు" అన్నాడు.

"నాలాంటి ముసలిది వచ్చి అడిగితే?"

"వయసెంతని మేము ఎవరినీ అడగం. అయితే ఒకటి. దండ బండికోసం కాదు. చేరితే రోజూ పాఠానికి కూర్చోవాలి, అడిగితే జవాబు చెప్పాలి. బండి కోసం చేరి పాఠం ఎగ్గొడితే దండ తీసేస్తాను."

నాంచారమ్మ ఆలోచించింది. పిల్లలు నవ్వుతారు. జవాబు తప్పు చెప్తే ఇంకా నవ్వుతారు. అయినా గోడ ఇవతల కూర్చుని విన్నదాన్ని అవతల కూర్చుని వింటే తప్పేముంది.

"కూర్చుంటానండీ. మూలికల పాఠంలో వెయ్యండి" అంది.

ఆచార్యులు తొండంతో గురివిందపూసల దండ తెచ్చి ఆవిడ మెడలో వేశాడు. ఆవిడ సిగ్గుతో తల లోపలికి లాక్కోగానే దండ జారి కింద పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. చివరికి దాన్ని డిప్పకే చుట్టి కట్టారు.

మర్నాడు సోమన్న బండి దగ్గర నాంచారమ్మని చూసి వసంతుడు అడ్డొచ్చాడు. "మామ్మా, నియమం..." అంటూండగానే ఆవిడ వీపుమీది పూసలు కనిపించాయి.

"ఏ పాఠం?" అన్నాడు నమ్మలేనట్టు.

"మూలికలు."

"నాదీ అదే."

"అయితే నిన్న నల్లేరు ఎందులో నూరమన్నారో చెప్పు నాయనా. సన్నికల్లు మీదో రోట్లోనో సరిగా వినపడలేదు."

వసంతుడికి గుర్తులేదు. నిన్న పాఠమంతా పింఛం దువ్వుకుంటూ కూర్చున్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు. సోమన్న మాత్రం చెవులాడిస్తూ, "తొందర లేదత్తా" అన్నాడు.

ఆ సాయంత్రం పేటలో నాంచారమ్మ ఎవరినీ పోగెయ్యలేదు, ఎవరికీ ఉపదేశం చెయ్యలేదు. అడిగినవాళ్ళకి జరిగింది చెప్పింది. మేకకి చిన్నప్పటి నుంచీ పాటంటే ప్రాణం. వెళ్ళి పాటల పాఠంలో చేరింది. తోటలో పాదులు తవ్వే అడవిపంది కాలవల పని నేర్చుకోవడానికి చేరాడు. ఉడతలు, ఉడుములు, ముంగిసలు, ఒకరి తర్వాత ఒకరు కొండెక్కి అడిగారు. పొద్దున పాఠం, పాఠమయ్యాక ఎవరి పని వాళ్ళది. మేక పాట మొదట్లో భరించలేకపోయారు గానీ, ఇంకొన్నాళ్ళకి బండిలో దారిపొడుగునా అదే కాలక్షేపమైంది.

గవరయ్య బండి మళ్ళీ ఖాళీ అయింది. అయినా ఆయన రోజూ కట్టుకుని వచ్చేవాడు. ఒక పొద్దున రెండు బళ్ళూ పక్కపక్కనే ఆగి ఉన్నప్పుడు గాడిద నూకాలు మెడ ఇటు తిప్పింది.

"వదినా, నన్ను కూడా చేర్చుకుంటారంటావా?" అని నాంచారమ్మని అడిగింది.

"అడిగినవాళ్ళని కాదనరే."

"నాకేమీ రాదు."

"నాకు మాత్రం ఏం వచ్చు? రాకే కదా వెళ్తున్నది."

నూకాలు కాడి కిందనుంచి మెడ బయటికి లాక్కుంది. ఆ రోజుకి దండ లేదు కనక బండెక్కకుండా పక్కనే నడుచుకుంటూ కొండెక్కింది. గవరయ్య వెనక నుంచి పిలిచాడు. బతిమాలాడు. కడుపునిండా మేత పెడతానన్నాడు. నూకాలు వెనక్కి చూడలేదు.

మిగిలింది గవరయ్యా, లాగేవాళ్ళు లేని బండీ. మర్నాడు ఏమీ ఎరగనట్టు వచ్చి సోమన్న బండి పలకమీద కాలు పెట్టాడు.

"దండ ఏది బాబాయ్?" అన్నాడు సోమన్న.

"ఒరేయ్, నేనురా. ఎప్పటి పరిచయం మనది."

"పరిచయం ఉంది. దండ లేదు. నాంచారత్తనే కింద వదిలేసినవాణ్ణి, నిన్నెలా ఎక్కించుకోను?"

గవరయ్య వసంతుడి వైపు చూశాడు. వసంతుడు వంగి, నాంచారమ్మ డిప్ప కింద రెక్క పెట్టి బండిలోకి ఎగదోస్తున్నాడు. అతనికి తీరిక లేదు.

పీఠంలో చేరదామా అంటే గవరయ్యకి మనసొప్పలేదు. ఆచార్యుల ముందు నిలబడి నాకు ఫలానాది తెలియదు, నేర్పండి అనడం ఆయన వల్ల కాదు. బతుకంతా తెలిసినవాడిలా మాట్లాడి బతికినవాడు. ఎండలో కొండెక్కాడు, దిగాడు. పాదాలు బొబ్బలెక్కాయి. వాటికి పసరు వేయించుకోవాలన్నా మళ్ళీ కొండే ఎక్కాలి.

ఇక లాభం లేదని విద్యార్థుల సభకి వెళ్ళాడు. చెట్లకింద ఆ మూల నుంచి ఈ మూల దాకా పేట మొత్తం దండలేసుకుని కూర్చుని ఉంది. అందరి మధ్యా నిలబడి గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"బండి అందరిదీ అయ్యా. అందులో ఒకణ్ణి కింద వదిలేసి వెళ్ళడం ఏం న్యాయం? ముసలివాళ్ళుంటారు, రోగులుంటారు, కాళ్ళు నొప్పులవాళ్ళుంటారు. మునుపటిలాగే అందర్నీ ఎక్కనివ్వాలి."

ఏనుగు ఆచార్యులు అడిగాడు. "ఈ నియమం వల్ల ఇప్పుడు ఎంతమంది బయట ఉన్నారు?"

గవరయ్య తల దించుకున్నాడు. "నేనొక్కణ్ణేనండీ."

ఎక్కడో ఉడతలు కిసుక్కుమన్నాయి. వసంతుడు నాంచారమ్మ వైపు తిరిగి, "మామ్మా, మీరు చెప్పండి" అన్నాడు.

నాంచారమ్మకి ఆకు మీద తడుముకున్న చెంగయ్య చెయ్యి కళ్ళముందు కదిలింది. ఆవిడకి కోపం లేకపోలేదు. కానీ మలుపు తిరిగి వెళ్ళిపోయే బండిని కిందనుంచి చూడటం ఎలా ఉంటుందో కూడా ఆవిడకి తెలుసు.

"ఎక్కనివ్వండి. కాళ్ళు నొప్పులంటున్నాడుగా" అంది.

నియమం ఆ రోజే పోయింది. దండ అక్కర్లేకపోయినా పేటవాళ్ళు చాలామంది పాఠాలు మానలేదు. చెంగయ్య డిప్ప అతుక్కుంది. కట్టు విప్పే రోజున ఆఖరి పసరు నాంచారమ్మే నూరింది. ఇద్దరూ సాయంత్రం బండిలో కిందికి దిగారు. ఆ బండిలోనే ఒక మూల గవరయ్య కాళ్ళు ముడుచుకుని, ఎవరికీ ఏ సలహా చెప్పకుండా కూర్చున్నాడు.

నలుగురినీ దింపడానికి నియమం పెట్టించేవాడు, రేపు తనకి ఆ నియమం వర్తిస్తే ఎలా ఉంటుందో ముందే చూసుకోవాలి.