మూడు సినిమాల బాణీ

మరిచిపోతానేమోనని భయపడేవాళ్లని చూస్తుంటాం. వీలాండ్ బాధ వేరు. అతను ఏదీ మరిచిపోలేడు.

జర్మనీలో, మ్యూనిక్ నగరంలో ఎకార్ట్ రోడెన్ అనే సినిమా సంగీత దర్శకుడు ఉండేవారు. వీలాండ్ ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా శిష్యరికం చేస్తున్నాడు. రోడెన్ అప్పటికే రెండువందల ముప్పై సినిమాలు చేశారు. హాస్యం, హత్యలు, కొండల్లో ప్రేమకథలు, ఏదొస్తే అది చేశారు. చేసినవేవీ ఆయనకు గుర్తుండేవి కావు. వీలాండ్‌కి అన్నీ గుర్తే. ఏ బాణీ ఏ సినిమాలోది, ఏ వాద్యం మీద, ఎన్ని సెకన్లు, అడిగితే చాలు చెప్పేసేవాడు. స్టూడియోలో అందరూ అతన్ని "బీరువా" అని పిలిచేవారు. వేళాకోళమే అయినా అతను లోలోపల మురిసిపోయేవాడు.

అలాంటివాడికి మొదటి సొంత సినిమా వచ్చింది. గురువారం రికార్డింగ్. నలభైమంది వాద్యకారులకి కబురు వెళ్లిపోయింది. సోమవారం వచ్చేసినా కాగితం మీద ఒక్క వరుస నిలవలేదు.

మధ్యాహ్నం మాస్టారి ఇంటికి వెళ్లాడు. ఆయన సూప్ తాగుతున్నారు.

"ఏం రాసినా మీదే అయిపోతోంది మాస్టారూ. నాలుగు స్వరాలు పడగానే ఫలానా సినిమాలోదని తెలిసిపోతుంది. కొట్టేస్తాను. మళ్లీ రాస్తే అది ఇంకో సినిమాలోది. మీరు నాకేమీ మిగల్చలేదు."

"అయ్యో, అంత పని చేశానా?"

"నవ్వకండి. గురువారం అంతమంది ముందు ఉత్త చేతులతో నిలబడలేను. సినిమా ఇంకెవరికైనా ఇచ్చుకోమని ఇవాళే చెప్పేస్తాను."

రోడెన్ చెంచా పక్కన పెట్టి కోటు తొడుక్కున్నారు.

"చెబుదువుగానిలే. ముందు మ్యాట్నీకి పోదాం పద. టైమవుతోంది."

ఊరి చివర చిన్న హాలు. పాత సినిమా. గొడుగులు ఒళ్లో పెట్టుకున్న ఓ పదిమంది ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. తెర మీద పేర్లు పడుతున్నాయి.

"సంగీతం ఎవరిదోయ్? కళ్లజోడు తేలేదు."

"మీదే మాస్టారూ. మీ అరవై ఒకటో సినిమా."

"సరేలే, కథ బాగుంటే చాలు."

నదిలో పడవ నడిపేవాడి భార్య కథ అది. రోడెన్‌కి నిజంగానే ఏమీ గుర్తులేదు. సీటు అంచుకి జరిగి, ముందు సీటు పట్టుకుని చూస్తున్నారు. వీలాండ్ వింటున్నాడు. వింటూ సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాడు. పడవవాడు మునిగిపోయాడన్న కబురు మోసుకొచ్చిన మనిషి ఆవిడ ఇంటి తలుపు తట్టాడు.

వీలాండ్ మాస్టారి చెవి దగ్గరికి వంగాడు. "ఇప్పుడు క్లారినెట్ వస్తుంది చూడండి."

"ఉండవయ్యా! ఆవిడ తలుపు తీస్తోంది."

క్లారినెట్ వచ్చింది, వెళ్లిపోయింది. రోడెన్ జేబురుమాలు వెతుక్కుని కళ్లు తుడుచుకున్నారు.

బయట తుంపర పడుతోంది. ఇద్దరూ ట్రామ్ ఆగే చోటికి నడిచారు. వీలాండ్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఆ క్లారినెట్ బాణీ అంతకుముందు మీ సినిమాలు రెండింటిలో ఉంది మాస్టారూ. ఒకటి పోలీసు కథ, ఒకటి హాస్యం. ఇది మూడోసారి."

"అలాగా?"

"రాసేటప్పుడు తెలియలేదా మీకు?"

రోడెన్ కాస్త ఆలోచించారు. "ఏమో నాయనా. ఆవిణ్ణే చూస్తూ ఉండి ఉంటాను."

ట్రామ్ మలుపు తిరుగుతోంది. ఆయన మెడ చుట్టూ మఫ్లర్ బిగించుకుంటూ అడిగారు.

"వీలాండ్, తలుపు తీసినప్పుడు ఆవిడ చేతిలో ఏముంది?"

ఆ సినిమా వీలాండ్ ఆరుసార్లు చూశాడు. ఆ సీను నిమిషం మీద పన్నెండు సెకన్లని తెలుసు. క్లారినెట్ వాయించిన మనిషి పేరు తెలుసు. ఆవిడ చేతిలో ఏముందో తెలియదు.



రోడెన్ జవాబు కోసం ఆగలేదు. ట్రామ్ ఎక్కేశారు.

వీలాండ్ అక్కణ్ణుంచి నేరుగా స్టూడియోకి వెళ్లాడు. తన సినిమాలోని రెండో రీలు వేయమని ఆపరేటర్‌ని అడిగాడు. రైల్వే ప్లాట్‌ఫారం మీద, బెంచీ చివర ఒక పెద్దాయన ఎవరికోసమో ఎదురుచూసే సీను. రీలు అయిపోయాక మళ్లీ వేయమన్నాడు. ఇంకోసారి వేయమన్నాడు. స్టాప్‌వాచీ, పెన్సిలు కోటు జేబులోనే ఉన్నాయి.

నాలుగోసారి అడిగేసరికి ఆపరేటర్‌కి విసుగొచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"సెకన్లన్నీ కిందటి నెలే రాసుకుపోయావు కదయ్యా బీరువా! ఇంకేం కావాలి నీకు?"

"ఆయన ఎడమ బూటుకి లేసు లేదు," అన్నాడు వీలాండ్, తెర మీంచి చూపు తిప్పకుండా.