మంత్రసాని మాట

పూర్వం నరసభూపతి అనే రాజు, సభలో ఆడదాని మాట చెల్లదని ఊరూరా చాటింపు వేయించాడు.

వానలు మొదలవబోతుండగా పాలవలస ఆడవాళ్లు కోటకు వచ్చారు. వాళ్ల తరఫున ముసలి మంత్రసాని పైడమ్మ మాట్లాడింది.

"ప్రభూ, మా చెరువు గట్టు లోపల గుల్లబారింది. రోజూ నీళ్లకు వెళ్లే మా కాళ్ల కింద మన్ను దిగుతోంది. ఇప్పుడే బాగు చేయించకపోతే నాలుగూళ్లు మునుగుతాయి."

"చాటింపు వినలేదా? మీ మగవాళ్లను పంపండి."

"వాళ్లంతా తమరి కోటగోడ కడుతున్నారు ప్రభూ."

"అయితే గోడ అయ్యాక రమ్మను," అన్నాడు రాజు. సభ నవ్వింది.

పైడమ్మ కదల్లేదు. "చిత్తం. మరి తమరు ఆ సింహాసనం దిగాలి కదా బాబూ."

నవ్వులు ఆగిపోయాయి.

"తమరూ తమ్ముడుగారూ కవలలు. ముందు పుట్టింది తమరేనని చెప్పింది నేను. ఆ పురిటిగదిలో మగపురుగు లేదు. నా మాట చెల్లకపోతే, పెద్దవారెవరో ఎవరికి తెలుసు?"

సభలో తలలన్నీ రాజు పక్కనున్న తమ్ముడి వైపు తిరిగాయి. ఆయన తలపాగా సర్దుకున్నాడు.

"నీ మాట చెల్లుతుంది," అన్నాడు రాజు గబగబా.

"నా ఒక్కదానిదే చెల్లితే, తమరే నాచేత చెప్పించారంటారు బాబూ. ఆడవాళ్లందరిదీ చెల్లాలి."

మర్నాడే కోటగోడ పని ఆగి గట్టు పని మొదలైంది. ఆడవాళ్లు చూపించిన చోటల్లా తవ్వి, కొత్త మన్ను పోసి గట్టిపరిచారు. ఆ ఏడు కుండపోతగా కురిసినా గట్టు తెగలేదు, నాలుగూళ్ల పొలాలూ విరగపండాయి.

అప్పట్నుంచి సభలో ఆడవాళ్లకూ పీటలు వేశారు. వాళ్లలో ఎవరు నోరు తెరిచినా, అందరికన్నా ముందు "నిజమే" అనేది రాజుగారే.