తుడిచిన గొర్రెపిల్ల

ఓబులేసుకు జాలి ఎక్కువ. ఆ సంగతి ఓబులేసుకు కూడా బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సుంకన్న అనే రైతు అన్నతో పొలం గట్టు తగాదా పడి కొండమీది మఠానికి వచ్చాడు. మఠంలో శిష్యుడైన ఓబులేసు అతణ్ణి ఓదార్చి తన గదిలోనే ఉంచుకున్నాడు. ఒకరోజు పొద్దున అన్న తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చి, చలిలో మఠం వాకిట్లో కూర్చున్నాడు.

"ఆయన్ను పంపించేస్తా స్వామీ" అన్నాడు ఓబులేసు గురువుతో. "సుంకన్న ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్నాడు. నేనున్నా గదా, ఇంకెవరూ అక్కర్లేదు."

గురువు ముద్దప్పస్వామి దొడ్డివైపు చెయ్యి చూపాడు. "గొర్రె నొప్పులు పడుతోంది. పోయి చూడు" అన్నాడు.

మఠానికి చిన్న మంద ఉంది. పుష్యమాసపు మంచుకు దొడ్డి చుట్టూ కట్టిన దడి తడిసిపోయి ఉంది. ఓబులేసు వెళ్లేసరికే గొర్రె ఈనింది. పిల్ల ఒంటినిండా జిగురుతో గడగడ వణుకుతోంది. తల్లి ఇంకా లేవలేదు.

ఓబులేసు మనసు ఆగలేదు. పిల్లను ఎత్తుకుని వంటింటికి పరుగెత్తాడు. వేన్నీళ్లతో కడిగి, తన కంబళితో శుభ్రంగా తుడిచి, పొయ్యి దగ్గర వెచ్చబెట్టాడు. నుదుట విభూతి కూడా పెట్టాడు.

మురిసిపోతూ తెచ్చి తల్లి ముందు దించాడు. తల్లి వాసన చూసింది. తలతో ఒక్క పోటు పొడిచింది.

పొదుగు దగ్గరికి నెట్టి చూశాడు. కాలితో తన్నింది. పిల్ల అరుపు సన్నబడుతోంది. "స్వామీ!" అని ఓబులేసు కేక పెట్టాడు.

గురువు వచ్చి పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాడు.

"నోరు చల్లబడింది. ఇప్పుడు పాలు తాగకపోతే దక్కదు. ఎవరు తుడిచింది?"

"నేనే తుడిస్తి స్వామీ. వణుకుతాంటే చూడలేకపోతి."

గొర్రె ఈనిన చోట గడ్డి ఇంకా తడిగా ఉంది. కడిగితే పోయిన వాసన మళ్లీ పట్టేట్టు గురువు ఆ గడ్డి తీసి పిల్ల ఒంటికంతా రుద్దాడు. విభూతి చెరిగిపోయింది. తల్లి పాలు నాలుగు చుక్కలు పిండి పిల్ల వీపు మీద రాశాడు.

"ఇంక దడి దాటి బయటికి పో."

"తల్లిని కదలకుండా పట్టుకుంటా స్వామీ!"

"పోప్పా! పట్టుకుంటే తల్లి అయితాదా?"

ఇద్దరూ బయటికి వచ్చి నిలబడ్డారు. పిల్ల లేచి రెండడుగులు వేసి కూలబడింది. ఓబులేసు చెయ్యి దొడ్డి తడిక తలుపు మీదికి పోయింది. గురువు ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పిల్ల అరవడం మానేసింది. ఓబులేసుకు ఏడుపు వచ్చింది. లోపలికి పోలేక, చూడలేక అక్కడే నిలబడ్డాడు.

తల్లి మెల్లగా దగ్గరికి వచ్చింది. చాలాసేపు వాసన చూసింది. తర్వాత వీపు నాకింది. నాకుతూ నాకుతూనే మూతితో పిల్లను లేపింది. కాసేపటికి పొదుగు కింద చిన్న తోక గబగబా ఊగింది.

ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు. "వణుకుతాంటే తుడవకూడదా స్వామీ?"

"తుడువు నాయనా. తల్లి నాకేదానికి కొంచెం మిగిల్చు."

ఓబులేసు తిన్నగా తన గదికి వెళ్లి సుంకన్నను లేపాడు.

"మీ అన్న వాకిట్లో ఉన్నాడు. పో."

"నువ్వు రావా స్వామీ?" సుంకన్న చలికి వణుకుతూ అడిగాడు.

"రాను" అన్నాడు ఓబులేసు. కంబళి ఇవ్వబోయి, మళ్లీ తన భుజాన వేసుకుని తలుపు తెరిచి పట్టుకున్నాడు.