బొట్టు పెట్టిన పెన్‌డ్రైవు

చంద్రం మాష్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పరు. ఎదురుగా ఉన్న పని వైపు చూపు తిప్పుతారు. అడిగినవాడికి ఒళ్లు మండుతుంది. నాకూ చాలాసార్లు మండింది. అయినా ఆయన దగ్గర ప్రశ్నలూ తగ్గలేదు, శిష్యులూ తగ్గలేదు.

ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మండపేటలో తన ఇంటి ముందుగదిలోనే కంప్యూటర్లు బాగు చేస్తూ, చూపు లేనివాళ్లకు కంప్యూటరు నేర్పుతూ ఉంటారు. ఏ కంప్యూటరైనా నడవాలంటే లోపల దాన్ని నడిపించే వ్యవస్థ ఒకటి ఉండాలి కదా, ఆయన వేసేది లినక్స్. అది ఉచితం. తెర మీద ఉన్నదంతా తెలుగులో పైకి చదివి వినిపించేలా దాన్ని ఆయన సర్దిపెడతారు. నేను పక్కవీధివాణ్ణి. ఆదివారం పూట పేపరు చదువుకోవడానికి అక్కడికి పోతుంటాను, ఎందుకంటే మా ఇంట్లో పేపరు నా చేతికి వచ్చేసరికి అందులో మడతలు తప్ప ఏమీ మిగలవు.

ఆ ఆదివారం ప్రశ్న అడిగినవాడు త్రిమూర్తులు. మాష్టారి శిష్యుల్లో పెద్దవాడు, పనిమంతుడు, భక్తుడు. ముందురోజు సాయంత్రం ఎక్కడో ప్రవచనం విని వచ్చాడు. లాప్‌టాప్ ముందు కూర్చుని, తల తిప్పకుండానే అడిగాడు.

"మాష్టారూ, గురువు చెప్పిన మాట శిష్యుడు అక్షరం పొల్లు పోకుండా పాటించాలాండీ? సొంత బుద్ధి కూడా కాస్త వాడుకోవచ్చా?"

"టీచరుగారి మిషను పలికిందా?" అన్నారు మాష్టారు.

పలకలేదు. అసలు గొడవంతా అదే.

టీచరుగారంటే మంగతాయారుగారు. హైస్కూల్లో తెలుగు చెబుతారు. నీటికాసులు వచ్చి చూపు కొంచెం కొంచెంగా పోయి, చివరికి మొత్తం పోయింది. సెలవు పెట్టి, మాష్టారి దగ్గరికి రోజూ వచ్చి, మాట్లాడే కంప్యూటరు మీద పని నేర్చుకున్నారు. చెవిలో చిన్న స్పీకరు పెట్టుకుంటే అది పాఠం చదువుతుంది, ఆవిడ పిల్లలకు చెబుతారు. మర్నాడు సోమవారం పై అధికారులు వచ్చి ఆవిడ క్లాసులో కూర్చుంటారు. పాఠం నడిస్తే ఆవిడ బడిలో ఉంటారు. లేకపోతే ఆఫీసుకి మారుస్తారు.

"కుర్చీ ఇస్తారట, జీతం ఇస్తారట. పిల్లల్ని మాత్రం ఇవ్వరు" అన్నారావిడ, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని. మామూలుగానే అన్నారు గాని ఆవిడ చేతిలో చీర కొంగు మెలికలు తిరుగుతోంది.

ఇంత దగ్గరికొచ్చాక ఆవిడ పాత లాప్‌టాప్ మీద మజ్జిగ ఒలికింది. తమ్ముడు పరుగున రాజమండ్రి వెళ్లి కొత్తది తెచ్చాడు, షాపులోకి అప్పుడే వచ్చిన సరికొత్త రకం. అందులో ముందే ఉన్న వ్యవస్థ వేరు, ఆవిడ వేళ్లకు అలవాటైన మీటలు వేరు. ఒక్కరోజులో వేళ్లకు కొత్త దారి నేర్పడం అయ్యేపని కాదు. అందుకని పొద్దున్నే త్రిమూర్తులు దాన్ని తుడిచేసి లినక్స్ ఎక్కించడానికి కూర్చున్నాడు.

అతను ఎక్కించేది ఒక పెన్‌డ్రైవుతో. దాని కథ కొంచెం చెప్పాలి. ఒక దసరాకి మాష్టారు తన స్క్రూడ్రైవర్లకీ మీటర్లకీ ఆయుధపూజ చేసి, వాటితోపాటు ఈ పెన్‌డ్రైవుకీ కుంకుమబొట్టు పెట్టి, "ఇది నీ దగ్గర ఉంచుకో" అని త్రిమూర్తులుకి ఇచ్చారు. అందులో ఆయన సొంతంగా సర్దిన లినక్స్ ఉంది. అతను ఆ బొట్టు చెరగకుండా పైన ప్లాస్టిక్ టేపు అంటించాడు. ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుంటాడు. పనికి బయల్దేరేటప్పుడు కళ్లకద్దుకుని జేబులో వేసుకుంటాడు. ఈ చుట్టుపక్కల దాంతో బాగుపడని కంప్యూటరు లేదని అతని నమ్మకం, ఆ ఆదివారం దాకా అది నిజమే.

కొత్త లాప్‌టాప్ మొదట ఆ పెన్‌డ్రైవును గుర్తించనేలేదు. లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి, బయటి వ్యవస్థలను రానివ్వని కాపలా ఒకటి ఉంటే దాన్ని తీసేశాడు. ఈసారి మొదలైంది గాని తెర నల్లబడిపోయింది.

"తెర నల్లగా అయిపోయిందండీ" అన్నాడు.

"నాకది పెద్ద ఇబ్బంది కాదులే బాబూ" అన్నారు మంగతాయారుగారు. మాష్టారు నవ్వారు. త్రిమూర్తులు నవ్వే స్థితిలో లేడు.

తెర గొడవ పక్కన పెట్టి ముందుకు పొమ్మని చెప్పే మాట ఒకటి టైపు చేశాడు. తెర వెలిగింది. లినక్స్ ఎక్కింది. అన్నీ వచ్చాయి, ఒక్క గొంతు తప్ప. స్పీకరు పలకలేదు. ఇయర్‌ఫోను పెట్టినా పలకలేదు. సౌండు సెట్టింగుల్లోకి వెళితే అసలు ఈ మిషనుకు సౌండు చిప్పే లేనట్టు చూపిస్తోంది. వైఫై కూడా లేదంది. మొదటినుంచీ మళ్లీ ఎక్కించాడు. మళ్లీ మూగదే. చూపులేని మనిషికి మూగ కంప్యూటరు దేనికి పనికొస్తుంది?

భోజనాల వేళ దాటింది. ఎవరూ లేవలేదు.

"లాభం లేదండీ. మిషనులోనే తేడా ఉంది. సౌండు చిప్పు పాడైందే వచ్చుంటుంది. షాపుకి తిరిగి పంపేయడమే" అన్నాడు త్రిమూర్తులు, వేడెక్కిన లాప్‌టాప్ మీద నుంచి చెయ్యి తీసేస్తూ.

"షాపులో మా తమ్ముడు తెరవగానే అది చక్కగా పాట పాడిందయ్యా. నేను ఫోన్లో విన్నాను" అన్నారు టీచరుగారు.

ఆ మాట విని మాష్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఈ లాప్‌టాప్ ఎప్పటిదిరా?"

"ఈ మధ్యే వచ్చిందండీ. కొత్త మోడలు."

"ఆ పెన్‌డ్రైవులోది?"

త్రిమూర్తులు తల వంచుకున్నాడు. "మీరిచ్చిన దసరాదేనండీ."

"అది తయారైన నాటికి ఈ సౌండు చిప్పు ఇంకా పుట్టలేదు. పుట్టనివాడి పేరు ఏ రేషను కార్డులో ఉంటుంది?"

ఇందులో త్రిమూర్తులుకి తెలియనిది లేదు. పొద్దుటినుంచీ ఫోన్లో వెతుకుతూనే ఉన్నాడు. కొత్త చిప్పులకు కొత్త లినక్స్ కావాలని, పాతదానికి అవి కనబడవని అందరూ అదే రాశారట. అదే అన్నాడు, అని, "కానీ మీరే కదండీ చెప్పారు, మీరు పరీక్షించనిది ఎవరి మిషన్లోనూ వెయ్యొద్దని" అన్నాడు. గొంతులో కొంచెం రోషం ఉంది. నిజానికి ఆ మాట వెనక కారణం ఉంది. చాలాకాలం కిందట అతనే ఒక ఫొటో స్టూడియోలో ఏదో కొత్తరకం ఎక్కించి, ఎవరివో పెళ్లిఫొటోలు పోగొట్టాడు. ఆ రోజు మాష్టారు అన్న మాట అది. అప్పటినుంచీ ఆ మాట దాటలేదు.

"నేను ఏమన్నానో మళ్లీ చెప్పు" అన్నారు మాష్టారు.

"మీరు పరీక్షించనిది..."

"మీరు అని నేనెందుకంటాను? నా నోటినుంచి వచ్చిన మాట చెప్పు."

త్రిమూర్తులు ఆలోచించాడు. "మనం పరీక్షించనిది ఎవరి మిషన్లోనూ వెయ్యొద్దు అన్నారండీ."

కిటికీ దగ్గరినుంచి మంగతాయారుగారు పకపకా నవ్వారు. పొద్దుటినుంచీ అదే మొదటి నవ్వు. "మనం అంటే వినేవాడు కూడా అందులో ఉన్నట్టే బాబూ. వినేవాణ్ణి వదిలేస్తే మేము అనాలి. నేను ఆరో తరగతిలోనే చెబుతానది."

అక్షరం పొల్లు పోకుండా పాటించేవాడు ఇన్నేళ్లుగా మాటనే మార్చుకుని పాటిస్తున్నాడన్నమాట. నాకైతే ఎగతాళి చెయ్యాలనిపించింది గాని అతని మొహం చూసి పేపరు ఎత్తి అడ్డం పెట్టుకున్నాను.

మాష్టారు తన కంప్యూటర్లో ఇంటర్నెట్ నుంచి కొత్త లినక్స్ దింపడానికి పెట్టారు. అది దిగేసరికి ఎండ వాలింది. సొరుగులో పెన్‌డ్రైవులు ఒక గుప్పెడు ఉన్నాయి. ఆయన సొరుగు తెరవలేదు. చెయ్యి చాపారు. త్రిమూర్తులు బొట్టు పెట్టినదాన్నే ఇవ్వాల్సి వచ్చింది. గుచ్చగానే తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా అని.

"వేరేవి ఉన్నాయి కదండీ, మాష్టారూ" అన్నాడు త్రిమూర్తులు. ఏడుపు గొంతుతోనే అన్నాడు.

"ఉన్నాయి. నువ్వే నొక్కు."

అతను నొక్కలేదు. మీట మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. మాష్టారు తొందరపెట్టలేదు. చివరికి టీచరుగారే అన్నారు. "బాబూ, నాకు పొద్దున్నే బడి ఉంది."

అతను నొక్కాడు.

కొత్తది రాయడం అయ్యాక అతను నేరుగా ఎక్కించబోతుంటే మాష్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఏం చెప్పుకున్నాం మనం?" అప్పుడు అర్థమైంది అతనికి. మిషనులో ఏమీ వెయ్యకుండా, పెన్‌డ్రైవు మీదనుంచే నడిపించి చూడొచ్చు. అలాగే నడిపించాడు. తెర నల్లబడలేదు. వైఫై కనబడింది. మాట్లాడించే మీటలు నొక్కాడు.

లాప్‌టాప్ బొంగురు గొంతుతో, విసుగు పుట్టించే ఒకే స్వరంలో, తెర మీద ఉన్న పేర్లన్నీ చదవడం మొదలుపెట్టింది. నా జీవితంలో అంత అందవికారమైన గొంతు ఇంకోటి వినలేదు. మంగతాయారుగారు లేచి, బల్ల పట్టుకుని నడిచి వచ్చి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చారు. తరవాత త్రిమూర్తులు సౌండూ వైఫై తెరా అన్నీ ఒకటికి రెండుసార్లు తనే చూసుకుని, ఎవర్నీ అడగకుండా, లోపలికి ఎక్కించాడు. ఆవిడ మర్నాటి పాఠం ఒకసారి చదివించుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రిక్షా ఎక్కారు.

సోమవారం మధ్యాహ్నం కబురు వచ్చింది. పాఠం నడిచింది. వెనక బెంచీలో కూర్చున్న అధికారి ఒకాయన ఉండబట్టలేక ఒక పద్యానికి తాత్పర్యం తను చెప్పబోతే, ఆవిడ పిల్లవాడనుకుని "చెయ్యెత్తి మాట్లాడు" అన్నారట. ఆవిడ బడిలోనే ఉంటారు.

ఆ సాయంత్రం త్రిమూర్తులు వచ్చాడు. కాసేపు అవీ ఇవీ సర్దాడు. ఆఖరికి జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదండీ."

మాష్టారు ఎవరిదో ఫ్యాను విప్పుతున్నారు.

"పని అయింది, సంతోషమే. కానీ మీరు నాకిచ్చింది నా చేత్తో నేనే చెరిపేశానండీ" అన్నాడు త్రిమూర్తులు.

మాష్టారు కళ్లజోడు పైకి తోసుకుని, పెన్‌డ్రైవు తీసి, వెలుతురుకి పట్టి చూశారు. తిరిగి అతని చేతిలోనే పెట్టారు.

"బొట్టు అలాగే ఉంది కదరా" అన్నారు.